అద్దాలక్కకు ఖాళీ లేదు

ఆమె అసలు పేరేమిటో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. కళ్లద్దాల షాపులో కూర్చుంటుంది కాబట్టి అద్దాలక్క. బడిపిల్లలకీ అద్దాలక్కే, ఆ పిల్లల తాతలకీ అద్దాలక్కే. డెబ్బై దాటిన పెద్దమనిషి కర్ర ఊనుకుంటూ వచ్చి, "అక్కా, ఈ కాడ చెవి వెనక కోసేస్తోందమ్మా" అంటే చూసేవాళ్లకు నవ్వు రాకుండా ఎలా ఉంటుంది చెప్పండి. ఆమె మాత్రం నవ్వదు. కాడను వేడిగాలి పెట్టె ముందు కాసేపు పట్టుకుని, మెత్తబడ్డాక బొటనవేలితో వంచి, ఆయన చెవులకు తగిలించి, "ఏదీ, తల వంచి ఊపండి చూద్దాం" అంటుంది. అద్దాలు జారకపోతే పని అయిపోయినట్టే. ఆయన జేబులో చెయ్యి పెడితే, "కాడ వంచినందుకు కూడానా, వెళ్లి రండి" అని కసురుతుంది.

షాపు చిన్నదే. ముందు గాజు బల్ల, గోడలకు వరసగా ఫ్రేములు, వెనక ఒక చెక్క అడ్డు. అడ్డు వెనక లెన్సులు అరగదీసే మిషను, దాని ముందు ఆమె భర్త. ఆయనకు నోట్లో నాలుక లేదని వీధిలో అంటారు. అదంతా వట్టిది. నాలుక ఉంది, మిషను చప్పుడులో వినపడదు అంతే. షాపు మీదే వాళ్ల ఇల్లు. మెట్లెక్కితే ఒక పక్క వంటిల్లు, ఒక పక్క అత్తగారి మంచం, మధ్యలో కూతురి పుస్తకాలు. ఆమెకంటూ ఇదీ నా చోటు అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ మెట్లే. రోజంతా వాటిమీదే కదా ఎక్కడమూ దిగడమూ.

అంత నెమ్మదస్తుడైన ఆ భర్త నోట రోజుకు నాలుగుసార్లయినా వచ్చే మాట ఒకటుంది. "మా ఆవిడ ఖాళీగానే ఉంటుంది, పంపిస్తానులెండి." లెన్సుల వాళ్లు సరుకు తీసుకెళ్లమని ఫోన్ చేసినా అదే మాట. పక్క షాపువాడు బ్యాంకులో ఒక కాగితం ఇచ్చి రావాలన్నా అదే మాట. పైనుంచి అత్తగారు, "ఏమే, ఖాళీగా ఉంటే ఒకసారి రా, ఈ సూదిలో దారం ఎక్కించు" అంటుంది. కూతురు, "అమ్మా, నువ్వు ఖాళీయేగా, నా డ్రెస్ ఇస్త్రీ చెయ్యవా" అంటుంది. ఈ పిలుపులన్నీ వచ్చేటప్పటికి ఆమె ఒక చేత్తో ఫ్రేముకు మర బిగిస్తూ, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి మెట్లకేసి చూస్తూ ఉంటుంది. జీతం రాని పని చేసేవాళ్లు జనం కళ్లకు ఎందుకో ఖాళీగా ఉన్నట్టే కనపడతారు. ఇన్ని కళ్లద్దాలు అమ్మే ఇంట్లో కూడా ఆ చూపు బాగుపడలేదంటే ఎవరికి చెప్పుకుంటాం.

ఆమెకూ ఒళ్లు మండేది. మింగేసేది.

నిజానికి ఆమె చదివిందే కళ్ల చదువు. కంటి పరీక్షలు చేసి, సైటు ఎంతో తేల్చి రాసిచ్చే కోర్సు. రెండేళ్లు చదివింది, రెండేళ్లు మిగిలింది. రెండో ఏడు సెలవుల్లో పెళ్లయింది. "కాలేజీ తెరిచేనాటికి పంపిస్తాం" అన్నారు. పంపేవాళ్లే, అబద్ధం ఎందుకు. ఈలోగా మామగారు మంచాన పడ్డారు. ఆయన్ని లేపి కూర్చోబెట్టడానికి ఒక మనిషి కావాలి. తర్వాత కూతురు పుట్టింది. తర్వాత షాపులో పనివాడు చెప్పా పెట్టకుండా వెళ్లిపోయాడు. రేపూ మాపూ అనుకుంటూ ఉండగానే పంతొమ్మిదేళ్లు గడిచిపోయాయి. కూతురు అదే యూనివర్సిటీలో మొదటి సంవత్సరంలో చేరింది.

కంటి పరీక్షలకు వారానికి రెండు రోజులు ఒక అమ్మాయి షాపుకు వస్తుంది. అక్షరాల బోర్డుకు ఎదురుగా చిన్న స్టూలు వేసుకుని కూర్చుని చూసి, చీటీ రాస్తుంది. అద్దాలక్క పక్కనే నిలబడి లెన్సులు అందిస్తుంది. మిగతా రోజుల్లో ఎవరైనా కళ్లు చూపించుకోవడానికి వస్తే, "ఎల్లుండి రండి" అని పంపేయాలి. రాసే చెయ్యి తనది కాదు. ఆ స్టూలు మీద తను కూర్చోవాలని, ఆ చీటీ మీద తన సంతకం ఉండాలని ఆమెకు ఎంత ఆశో. బయటికి ఎన్నడూ అనలేదు. ఒక్క కూతురు మాత్రం ఎలాగో పసిగట్టింది.

ఆ కూతురే ఒకరోజు కాలేజీ నుంచి ఎగురుకుంటూ వచ్చింది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లు మళ్లీ చేరితే యూనివర్సిటీ సాయం చేస్తుందట. ఫీజు వాళ్లే కడతారు. చదివినన్నాళ్లూ నెలనెలా కొంత చేతికిస్తారు, దానితో గాజు బల్ల దగ్గర ఒక మనిషిని పెట్టుకోవచ్చు. ఆఖరి ఏడాది కంటి ఆసుపత్రిలో పని నేర్పించి, ఉద్యోగం వచ్చేదాకా వెనక నిలబడతారు. ఆ సాయం లేకపోతే మాత్రం చదువు మాట మరిచిపోవాల్సిందే. షాపు నలుగురి కడుపు నింపుతుంది గానీ ఐదో మనిషికి జీతం ఇచ్చేంత లేదు.

అత్తగారు మంచం మీద నుంచే అందుకుంది. "చత్వారం వచ్చాక చదువేమిటే అమ్మాయ్? నీ పుస్తకం నువ్వు చదవాలంటే ముందు నీకు అద్దాలు కావాలి."

"మన షాపులో ఉన్నాయిగా అత్తయ్యా, ఒకటి పెట్టుకుంటాను" అంది అద్దాలక్క.

"అయితే మంచివి చూసి తీసుకో. మీ ఆయన చవకవి అంటగడతాడు" అంది అత్తగారు. అంటే ఒప్పుకున్నట్టే. ఆవిడ ఎప్పుడూ సరే అనే మాటను నేరుగా అనదు.

తల్లీకూతుళ్లు దరఖాస్తు పంపారు. వారం తిరక్కుండా యూనివర్సిటీ ఆఫీసు మేడమ్ ఫోన్ చేసింది. కూతురు ఇంట్లో లేదు. షాపు నిండా జనం. ఒక చంటిపిల్లాడు గాజు బల్ల మీదికి ఎక్కబోతున్నాడు. వెనక నుంచి భర్త, "ఇదిగో, ఖాళీగా ఉంటే ఆ డబ్బా ఇటు అందుకో" అని కేకేశాడు. సరిగ్గా అప్పుడే ఫోనులో ఆ మేడమ్ అడిగింది. "మధ్యలో ఖాళీ ఎన్నేళ్లమ్మా?"

పంతొమ్మిదేళ్లుగా మింగిందంతా ఆ ఒక్క మాటకు గొంతులోకి వచ్చేసింది. "ఖాళీ లేదండీ. ఒక్క రోజు కూడా లేదు. కావాలంటే వచ్చి చూసుకోండి."

"లేదా? ఒక్క ఏడాది కూడా?"

"ఒక్క పూట కూడా లేదండీ."

"సరేనమ్మా" అని మేడమ్ పెట్టేసింది. ఫోన్ పెట్టేశాక అద్దాలక్కకు ఎంతో హాయిగా అనిపించింది. ఎవరో ఒకరికి చెప్పానుగా అనుకుంది. పాపం, ఆ హాయి నాలుగు రోజులే. ఐదో రోజున ఫోనుకు సందేశం వచ్చింది. చదువులో ఖాళీ ఉన్న స్త్రీలకే ఈ సాయం, మీకు ఖాళీ లేదన్నారు కనుక అర్హత లేదు, అని.

కూతురు తల పట్టుకుంది. "అమ్మా, వాళ్లడిగింది నువ్వు ఖాళీగా ఉన్నావా అని కాదు. చదువుకీ చదువుకీ మధ్య గ్యాప్ ఎంత అని."

"ఆ ముక్క అలాగే అడగొచ్చుగా మరి."

"వాళ్ల కంప్యూటర్‌లో ఖాళీ అనే ఉంటుందమ్మా."

"అయితే వాళ్ల కంప్యూటర్ ఏనాడూ ఇల్లు ఊడ్చి ఉండదు" అంది అద్దాలక్క. అనేసి వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. చేతికందిన దాన్ని తన నోటితోనే పోగొట్టుకుంది. ఆ సంగతి తెలియనంత అమాయకురాలు కాదు. కళ్ల నీళ్లు కుళాయి నీళ్లలో కలిసిపోతున్నా కడుగుతూనే ఉంది.

కూతురు పట్టు వదల్లేదు. మర్నాడు ఆఫీసు చుట్టూ తిరిగి, బతిమాలి, ఒక మాట పట్టుకొచ్చింది. శుక్రవారం స్వయంగా రావాలి. ఖాళీ ఎన్నేళ్లో తన నోటితోనే మళ్లీ చెప్పాలి, రాసుకుంటారు. ఇంకొక సంగతి, ఇంటి నుంచి బాధ్యత తీసుకునే మనిషి ఒకరు వెంట రావాలి. చేరినవాళ్లలో సగం మందిని నాలుగు నెలలు తిరక్కుండానే ఇల్లు వెనక్కి లాగేసుకుంటోందట. అందుకని ఇంటివాళ్లను కూడా కూర్చోబెట్టి అడుగుతున్నారట.

"నాన్నని తీసుకెళ్లు" అంది కూతురు.

"వాణ్నా? పెళ్లికెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టే" అంది అత్తగారు. కన్నకొడుకు గురించి అంత నిజాయితీగా మాట్లాడే తల్లులు అరుదు.

శుక్రవారం దాకా ఉన్న మూడు రోజులూ కూతురు తల్లికి పాఠం చెప్పింది. "పంతొమ్మిదేళ్ల ఖాళీ ఉందండీ. అంతే అమ్మా. ఒక్క వాక్యం. అను."

"పంతొమ్మిదేళ్ల" అని అద్దాలక్క ఆగిపోయేది. మామగారి వీపు పుండు పడకుండా గంటగంటకూ పక్కకు తిప్పిన రోజులు గుర్తొచ్చేవి. పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని ఫ్రేములకు మరలు బిగించిన సాయంత్రాలు గుర్తొచ్చేవి. "అర్థమైందే తల్లీ. బుర్రకి అర్థమైంది. నోరే రావటం లేదు." మళ్లీ తనే అనేది, "అంటాన్లే. చదువు కోసం ఒక్క అబద్ధం ఆడలేనా."

"అబద్ధం కాదమ్మా" అని కూతురు విసుక్కునేది. ఈ పాఠాలన్నీ చెక్క అడ్డుకు ఇవతల జరిగాయి. అవతల మిషను తిరుగుతూనే ఉంది. ఆయన చెవిన ఒక్క ముక్క పడలేదు, పడేలా చేయాలని వీళ్లకు తోచనూ లేదు.

శుక్రవారం షాపు మూసి భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. మేడమ్ గది రెండో అంతస్తులో, వరండా చివర. బల్ల నిండా ఫైళ్లు, పైన కిర్రుమంటున్న ఫ్యాను. మేడమ్‌కు యాభై ఉంటాయి. ఆవిడ అద్దాలు ముక్కు మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. అది చూసి అద్దాలక్క వేళ్లు ఊరుకోలేక పమిట చెంగు నలుపుతున్నాయి. భర్త కుర్చీ అంచున కూర్చున్నాడు, ఎవరైనా లెమ్మంటే లేవడానికి సిద్ధంగా.

"చెప్పమ్మా" అంది మేడమ్, "ఫోనులో ఖాళీ లేదన్నావు. ఇప్పుడు ఉందంటున్నావట. సరిగ్గా చెప్పు, ఎన్నేళ్లు?"

అద్దాలక్క షాపులోని ఆ స్టూలును తలుచుకుంది. కళ్లు నేలమీదికి దించుకుని అనేసింది. "పంతొమ్మిదేళ్లు ఖాళీ అండీ."

మేడమ్ కలం ఎత్తింది.

"లేదండీ" అన్నాడు భర్త.

ఇద్దరూ ఆయనవైపు తిరిగారు. మిషను చప్పుడు లేని గదిలో ఆయన గొంతు ఆయనకే కొత్తగా ఉంది.

"ఆవిడ ఎందుకలా అంటోందో నాకు తెలీదు. ఖాళీగా ఎక్కడుందండీ? అంటే, ఆ మాట నేనే అంటుంటాను. రోజూ అంటాను. అదొక పాడు అలవాటు నాకు. మా నాన్న ఆరేళ్లు మంచం మీద ఉన్నారండీ. ఆయనకి ఒక్క పుండు పడలేదు. డాక్టరే ఆశ్చర్యపోయాడు. నేను కాదు చూసింది, ఈవిడే. పిల్లకి లెక్కలు చెప్పింది ఈవిడే. షాపులో సరుకు అయిపోయేది నాకు తెలియకముందే తెప్పిస్తుంది. పొద్దున్న నేను లేచేసరికి నీళ్లు కాగి ఉంటాయి. ఎప్పుడు లేస్తుందో నేను ఇంతవరకు చూళ్లేదండీ. ఇంకెవరిముందైనా అంటే అన్నాను గానీ, ఇక్కడ రాసుకుంటున్నారు కదా. ఖాళీ అని రాయకండి."

అద్దాలక్క కళ్లు మూసుకుంది. అత్తగారి పిల్లి గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ అనకూడని చోటల్లా ఆ మాట అన్న మనిషి, అంటేనే పని జరిగే ఒకే ఒక్క చోట కాదంటాడా? ఆయన్ని పట్టుకుని దులిపేయాలనిపించింది. అదే సమయంలో గుండెలో ఏదో మెత్తగా కరిగింది. చూశాడన్నమాట. అడ్డు వెనక కూర్చుని, మిషను మీద తల వంచుకుని, అన్నీ చూస్తూనే ఉన్నాడన్నమాట. ఈ మాటలు ఏ పదేళ్ల కిందటో అనుంటే ఎంత బాగుండేదనుకుంది. ఇప్పుడైనా అన్నాడు, దొంగ మొహం.

మేడమ్ కలం కింద పెట్టింది. నవ్వు ఆపుకోవడానికి కాసేపు పట్టింది. "ఇప్పుడర్థమైంది, ఆ రోజు ఫోనులో నన్నెందుకు తిట్టావో. అమ్మా, కాలేజీ మెట్లెక్కి ఎన్నేళ్లయింది?"

"పంతొమ్మిదండీ."

"నాక్కావలసింది అంతే" అని రాసుకుంది. భర్త ఏం జరిగిందో అర్థంకాక భార్య మొహంలోకి చూశాడు.

"మీరు కంగారు పడకండి" అంది మేడమ్ ఆయనతో. "మంచిమాటే చెప్పారు. కానీ మీరు చెప్పినదాంతో నాకు అసలు ప్రశ్న వచ్చింది. రోజూ పొద్దున్నే వెళితే సాయంత్రం గానీ రాదు ఈవిడ. మరి మీరు చెప్పిన పనులన్నీ ఎవరు చేస్తారు? షాపు బల్ల సంగతి సరే, మా డబ్బుతో మనిషిని పెడతారు. ఇల్లు?"

ఆయన వెంటనే, ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా తిరిగినట్టే, భార్యవైపు తిరిగాడు. జవాబు ఆమె దగ్గర ఉంటుంది. ఎప్పుడూ ఉంటుంది.

అద్దాలక్క దగ్గర ఉంది కూడా. తెల్లారకముందే లేచి సగం పని చేసేస్తాననీ, మిగతాది రాత్రికి సర్దుకుంటాననీ, ఎవరికీ ఇబ్బంది రానివ్వననీ నాలుక చివరిదాకా వచ్చేసింది. పెదవులు విడిపోయాయి. ఆ మాట అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఫైలు మంజూరవుతుంది. నాలుగు నెలలకు ఇల్లు తనను వెనక్కి లాగేసుకుంటుంది. ఆమె పెదవులు బిగించి కిటికీలోంచి బయటికి చూసింది. పెళ్లయ్యాక మొదటిసారి, ఆయన్ని అడిగిన ప్రశ్నకు ఆమె జవాబివ్వలేదు.

చివరికి ఆయనే గొంతు సవరించుకున్నాడు.

"నాకు తెలిసినవి ఇందాక చెప్పినవేనండీ. నాకు తెలియని పనులు ఇంకా చాలా ఉండుంటాయి. అవేమిటో ఈవిడ ఇంట్లో లేనప్పుడే నాకు తెలుస్తాయి." కుర్చీలో వెనక్కి జరిగి కూర్చున్నాడు. "తెలిసినవి తెలిసినట్టు చేస్తానండీ. మొదట్లో బాగా చేయలేను. మా అమ్మ తిడుతుంది. పడతాను."

మేడమ్ అది రాసుకుంది. ఫైలు మూసి అద్దాలక్కతో అంది, "ఒకటో తారీఖు నుంచి రా అమ్మా. మూడో సంవత్సరం."

బయట వరండాలో ఇద్దరూ మెట్లదాకా వచ్చారు.

"ఏమోయ్, చెడగొట్టబోయానా?" అన్నాడాయన.

"చెడగొట్టేశారు. దేవుడు బాగుచేశాడు."

"నాకెవరూ చెప్పలేదుగా."

"మీకు వినపడేట్టు చెప్పాలంటే కరెంటు పోవాలి" అంది. నవ్వకూడదనుకుంటూనే నవ్వింది. "మీరు వెళ్లి షాపు తెరవండి. నేను మూడో సంవత్సరం గది ఎక్కడుందో ఒకసారి చూసి వస్తాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఆయన తల ఊపి మెట్లు దిగాడు. గేటు దాకా వెళ్లాడు. అక్కడ ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు గబగబా వెనక్కి వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు.

"ఇదిగో, అమ్మకి మధ్యాహ్నం కళ్లలో చుక్కలు వేస్తావు కదా. ఎన్నింటికి?"

నేనొచ్చి వేస్తాలెండి, మీకెందుకు. ఆ మాట ఆమె నోట్లో తయారుగా ఉంది. అందులో విసుగు లేదు, ప్రేమే ఉంది, అదే చిక్కు. ఆమె మెట్ల చువ్వను గట్టిగా పట్టుకుంది.

"రెండింటికి. ముందు చేతులు కడుక్కోండి. ఎడమ కంట్లో రెండు చుక్కలు, కుడి కంట్లో ఒకటి. వేశాక కన్ను నలుపుకోబోతుంది, చెయ్యి పట్టుకోండి."

"తిడుతుందేమో."

"తిడుతుంది."

ఆయన, "ఎడమ రెండు, కుడి ఒకటి, ఎడమ రెండు" అని గొణుక్కుంటూ, దారిలో ఎవరో కుర్రాడికి తగలబోయి తప్పుకుని, గేటు దాటి వెళ్లిపోయాడు. ఆమె మెట్ల మీదే నిలబడి ఆయన వీపు కనపడినంతసేపూ చూసింది. వెనక్కి పిలవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. పిలవలేదు. కళ్లు తుడుచుకుని, వరండాలో పోతున్న ఒక అమ్మాయిని ఆపి, మూడో సంవత్సరం గది ఎటువైపని అడిగింది.